అన్నదమ్ముల పంపకం తగాదా: పెద్దమనుషుల దగ్గరకా, మధ్యవర్తి దగ్గరకా, కోర్టుకా?

ఒక ఇంటిని ఊహించుకుందాం. తండ్రి స్వార్జితంతో కొన్న అయిదెకరాల మాగాణినీ, ఊరి మధ్యలో ఒక పెంకుటింటినీ విడిచి, వీలునామా రాయకుండానే కాలం చేశాడు. పెద్దకొడుకు ఊళ్లోనే ఉండి ఇరవై ఏళ్లుగా ఆ పొలం సాగు చేస్తున్నాడు. చిన్నకొడుకు హైదరాబాదులో ఉద్యోగం చేస్తూ తండ్రి ఆసుపత్రి ఖర్చులు భరించాడు. కూతురికి పెళ్లినాడే బంగారమూ కొంత రొక్కమూ ముట్టాయి కనుక ఆమెకు ఇక రావలసిందేమీ లేదని అన్నదమ్ములిద్దరూ అనుకుంటున్నారు. తల్లి ఆ పెంకుటింట్లోనే ఉంది. సంవత్సరీకం దాటాక పంపకం మాట ఎత్తారు. రెండు నెలలు తిరిగేసరికి ఒకరి ఫోను ఒకరు ఎత్తడం మానేశారు.

ఇక్కడ చట్టం చెప్పేది ఒక్క వాక్యంలో ముగుస్తుంది. హిందూ కుటుంబంలో ఆస్తి తండ్రి స్వార్జితమై, వీలునామా లేనప్పుడు, 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం భార్యకూ కొడుకులకూ కూతురికీ సమాన వాటాలు వస్తాయి, అంటే ఈ ఇంట్లో ఒక్కొక్కరికి పావు వంతు. పిత్రార్జితమైతే లెక్క కొంత మారుతుంది గాని, అక్కడ కూడా 2005 సవరణ కూతురిని కొడుకుతో సమం చేసింది, ఆ సవరణ నాటికి తండ్రి జీవించి ఉండాలా అన్న సందేహాన్ని 2020లో వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు అక్కరలేదని తీర్చింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనైతే అప్పటికి పెళ్లికాని కూతుళ్లకు ఈ హక్కును 1986 నాటి రాష్ట్ర సవరణే ఇచ్చింది. జవాబు ఇంత స్పష్టంగా ఉన్నా ఇలాంటి తగాదాలు ఏళ్ల తరబడి నలుగుతున్నాయంటే, చిక్కు వాటాల లెక్కలో కాక మరోచోట ఉందని అర్థం. అందువల్ల ఏ వేదికను ఆశ్రయించాలన్న ప్రశ్నను ఆస్తి విలువను బట్టి గాని, ఫలానా న్యాయవాది పేరును బట్టి గాని తేల్చుకోకుండా, తగాదాలో ఉన్నవారి మనసులు ఎక్కడ ముడిపడ్డాయో చూసి తేల్చుకోవాలన్నది ఈ వ్యాసకర్త అభిప్రాయం. తమలో తాము మాట్లాడుకోవడం, పెద్దమనుషుల పంచాయితీ, శిక్షణ పొందిన మధ్యవర్తి, లోక్ అదాలత్, ఇరుపక్షాలూ ఒప్పుకున్న వ్యక్తి తీర్పు చెప్పే ఆర్బిట్రేషన్, సివిల్ దావా అనే ఆరు దారులనూ ఆ దృష్టితోనే ఇక్కడ పోల్చి చూస్తాను.

ముడి ఎక్కడ పడింది?

అన్నిటికన్నా తరచుగా కనిపించేది ఎవరు ఎంత చేశారన్న లెక్క. 1979లో మైకేల్ రాస్, ఫియోర్ సికోలీ అనే మనస్తత్వ పరిశోధకులు భార్యాభర్తలను విడివిడిగా అడిగి, ఇంటి పనుల్లో తమ వంతు ఎంతో అంచనా వేయించారు. ఇద్దరి అంచనాలనూ కూడినప్పుడు చాలా పనుల విషయంలో మొత్తం నూటికి నూరు దాటింది. వాళ్లు అబద్ధమాడలేదు, తాను చేసిన పని తనకు గుర్తుకు వచ్చినంత తేలికగా అవతలివారు చేసిన పని గుర్తుకు రాదు, అంతే. మన కుటుంబంలో అన్నకు గుర్తుండేది కరెంటు కోసం అర్ధరాత్రి మోటారు దగ్గర కాపలా కాయడం, మంచాన పడిన తండ్రిని ఎత్తి కూర్చోబెట్టడం. తమ్ముడికి గుర్తుండేది నెలనెలా పంపిన సొమ్ము, ఆసుపత్రి బిల్లులు. చెల్లెలికి గుర్తుండేది ప్రతి సెలవులోనూ పిల్లలను వదిలి వచ్చి తల్లి పక్కన పడుకున్న రాత్రులు. ఈ ముగ్గురి లెక్కలూ కలిస్తే నూటికి రెండు వందలైనా అవుతాయి. పైగా మామగారికి మూడేళ్లు ఒళ్లు తుడిచిన పెద్దకోడలి పేరు వారసుల జాబితాలో ఎక్కడా ఉండదు, పంచాయితీలో ఆమెకు కుర్చీ కూడా వేయరు. ఆమె కోపం భర్త నోట వాటా పేరుతో బయటికి వస్తుంది, ఎదుట కూర్చున్నవారికి అది దురాశలా వినిపిస్తుంది.

రెండో ముడి స్వాధీనం. 1990లో డేనియల్ కానెమన్, జాక్ నెచ్, రిచర్డ్ థేలర్ ప్రచురించిన ప్రయోగాల్లో కొందరు విద్యార్థుల చేతికి మామూలు కాఫీ కప్పులు ఇచ్చి అమ్మమన్నారు, మిగతావారిని కొనమన్నారు. కాసేపటి క్రితమే చేతికొచ్చిన కప్పుకు అమ్మేవారు అడిగిన ధర, కొనేవారు ఇస్తామన్న ధరకు సుమారు రెట్టింపు ఉంది. కప్పు సంగతే అలా ఉంటే, ఇరవై ఏళ్లు గట్లు వేసి, నీళ్లు కట్టి, తెగుళ్లతో కుస్తీ పట్టిన పొలం సంగతి చెప్పనక్కరలేదు. ఒక ఎకరం వదులుకోవడం అన్నకు తన ఒంట్లో ముక్క కోసి ఇచ్చినట్టు ఉంటుంది. అదే ఎకరం తమ్ముడికి ఇంకా చేతికి రాని రాబడి మాత్రమే. ఒకే ఎకరం రెండు తక్కెళ్లలో రెండు బరువులు తూగుతుంది, అందుకే అన్న మొండితనాన్ని తమ్ముడు అర్థం చేసుకోలేడు.

మూడోది అవతలివారి గుణానికి అంటగట్టే దోషం. తమ్ముడు ఒక నెల డబ్బు పంపకపోతే అతని ఇంటి వాయిదాల సంగతి అన్నకు కనిపించదు, 'వాడి బుద్ధే అంత' అన్నది మాత్రమే కనిపిస్తుంది. తాను కౌలు లెక్క చూపకపోవడానికి మాత్రం అన్న దగ్గర వంద కారణాలుంటాయి. పరిస్థితి వల్ల జరిగినదాన్ని స్వభావం వల్ల జరిగినట్టు చూసే ఈ అలవాటును 1977లో లీ రాస్ అనే మనస్తత్వవేత్త మూలమైన దోషంగా పేర్కొన్నాడు. మిగిలినవి రెండు: కాగితాలు ఒకరి దగ్గరే ఉండి మిగతావారికి ఏమీ తెలియకపోవడం, భయం. తల్లికి భయం ఎక్కువ, కాని ఆమె నోరు విప్పదు. పంపకం అయిపోయాక తన మంచం ఎవరింట్లో వేస్తారన్నదే ఆమె బెంగ.

తమలో తాము తేల్చుకోవడం

ఖర్చు లేదు, గుట్టు బయటపడదు, మాట కలిస్తే బంధం నిలుస్తుంది. ముడి కేవలం లెక్కదైతే, కాగితాలు అందరి ముందూ పరిచే ధైర్యం ఉంటే, ఇంతకన్నా మంచి దారి లేదు. అయితే ఈ దారిలో సాధారణంగా జరిగే పొరపాటు, పండక్కి అందరూ కలిశారు కదా అని భోజనాల దగ్గర మాట ఎత్తడం. కోపంతో గుండె వేగం నిమిషానికి నూరు దాటిన స్థితిలో మనిషి ఎదుటి మాటను సరిగా వినలేడని దాంపత్య కలహాలను దశాబ్దాల పాటు ప్రయోగశాలలో పరిశీలించిన జాన్ గాట్‌మన్ చెబుతాడు. శరీరం నెమ్మదించడానికి కనీసం ఇరవై నిమిషాల విరామం కావాలంటాడు. గొంతు పెరగగానే అరగంట లేచి బయటికి వెళ్లాలని ముందే మాట అనుకోవాలి, అలా లేచినవారిని పారిపోయారని ఎవరూ ఎత్తిపొడవకూడదు.

పొలం పంచే దగ్గర మన ఊళ్లలో చాలా ఇళ్లు పాటించే పద్ధతి ఒకటి నిజంగా గొప్పది: ఒకరు వాటాలు కోయడం, మరొకరు ముందు ఎంచుకోవడం. వాటాలు కోసే వ్యక్తికి చివరికి మిగిలేదే దక్కుతుంది కనుక కాలువ పక్క ముక్కనూ చివరి చవుడు ముక్కనూ అతడే సరిగ్గా బేరీజు వేస్తాడు. చీట్లు వేయడం కూడా ఈ కోవలోదే, ఎందుకంటే చీటీలో వచ్చినదానికి ఎవరి మీదా నింద పడదు. పద్ధతిని నమ్మినప్పుడు ఫలితం మీద గొణుగుడు తగ్గుతుంది. అయితే వాటాదారులందరూ, అంటే తల్లీ కూతురూ కూడా, ఆ చీట్లలో ఉన్నప్పుడే ఇది న్యాయం. అన్నదమ్ములిద్దరే చీట్లు వేసుకుని చెల్లెలి చేత సంతకం చేయించుకునే పద్ధతికి ఈ మర్యాద దక్కదు.

పెద్దమనుషుల పంచాయితీ

పట్టణాల్లో చదువుకున్నవారు దీన్ని పాతకాలపు వ్యవహారమని తేలిగ్గా తీసేస్తారు, అది సరికాదు. పెద్దమనుషులకు ఆ పొలం చరిత్ర తెలుసు, ఏ గట్టు ఎప్పుడు జరిగిందో తెలుసు, తండ్రి బతికుండగా ఎవరితో ఏమన్నాడో తెలుసు. అన్నిటికన్నా ముఖ్యంగా, తలవంపులు లేకుండా వెనక్కి తగ్గే దారి వారు చూపగలరు. 'మావయ్య చెప్పాడు కనుక ఒప్పుకున్నాను' అనడం 'తమ్ముడికి లొంగిపోయాను' అనడం కన్నా ఎంతో తేలిక. అమెరికాలో 1986లో చేసిన ఒక సర్వేలో అణ్వాయుధాల తగ్గింపుకు సంబంధించిన ఒకే ప్రతిపాదనను కొందరికి అధ్యక్షుడు రీగన్‌దని, మరికొందరికి సోవియట్ నాయకుడు గోర్బచెవ్‌దని చెప్పి అభిప్రాయం అడిగారు. రీగన్‌దనుకున్నవారిలో 90 శాతం మంది అది అమెరికాకు అనుకూలమనో, ఇరుపక్షాలకూ సమమనో అంటే, గోర్బచెవ్‌దనుకున్నవారిలో 44 శాతమే అలా అన్నారు. శత్రువు నోట వచ్చిందన్న ఒక్క కారణానికే మాట విలువ సగానికి పడిపోయింది. పంపకాలలోనూ అంతే. తమ్ముడు నేరుగా 'ఇల్లు నువ్వు తీసుకో, మెరక చేను నాకివ్వు' అంటే అందులో ఏదో మోసం ఉందని అన్న వెతుకుతాడు; అదే మాట మూడో మనిషి అంటే ఆలోచిస్తాడు.

ఈ పద్ధతిలోని లోపాలు కూడా చిన్నవి కావు. పెద్దమనుషులు ఊళ్లో ఉండే అన్నతో రేపు కూడా మొహం చూసుకోవాలి, హైదరాబాదు తమ్ముడితో చూసుకోనక్కరలేదు. ఆడపిల్ల వాటా అడగడమే తప్పన్న భావం కొందరిలో ఇంకా ఉంది. 'పుట్టింటి గడప కావాలా, అరెకరం కావాలా' అని ఆమెను అడిగే పెద్దమనిషి న్యాయం చెప్పడం లేదు, బెదిరిస్తున్నాడు. పంచాయితీ నలుగురిలో జరుగుతుంది కనుక అక్కడ పలికిన మాటను వెనక్కి తీసుకోవడం కష్టం, చూసేవారి కోసం గొంతు పెంచేవారూ ఉంటారు. పైగా అక్కడ రాసుకున్న కాగితం దానంతట అది కోర్టు డిక్రీతో, అంటే అమలు చేయించుకోగల కోర్టు తీర్పుతో, సమానం కాదు. 2023 మధ్యవర్తిత్వ చట్టం సామాజిక మధ్యవర్తిత్వం పేరుతో ముగ్గురు మధ్యవర్తుల బృందానికి ఒక రూపం కల్పించింది గాని, ఆ ఒప్పందం శాంతి సామరస్యాల కోసమే తప్ప డిక్రీలా అమలు చేయించుకోవడానికి వీల్లేదని అందులోనే స్పష్టంగా రాసింది. కనుక పెద్దమనుషుల దగ్గరకు వెళ్లేవారు ఇరుపక్షాలూ చెరొకరిని, ఇద్దరూ కలిసి మూడో వ్యక్తిని ఎంచుకుంటే మంచిది. ఆ ముగ్గురిలో ఒక స్త్రీ ఉంటే చెల్లెలూ తల్లీ నోరు విప్పే అవకాశం పెరుగుతుంది.

శిక్షణ పొందిన మధ్యవర్తి

ఇక్కడ మాటల గందరగోళం ఒకటి తీర్చుకోవాలి. తెలుగులో 'మధ్యవర్తి' అంటే పోలీసు పంచనామాలో సంతకం పెట్టేవాడూ మధ్యవర్తే, స్థలం బేరం కుదిర్చేవాడూ మధ్యవర్తే, పత్రికల భాషలో ఆర్బిట్రేటరూ మధ్యవర్తే. ఈ వ్యాసంలో ఆ మాటకు మీడియేటర్ అనే అర్థం: తీర్పు చెప్పే అధికారం ఏమాత్రం లేకుండా, ఇరువైపులవారూ తమంతట తాము ఒప్పుకునే దాకా మాట నడిపించే వ్యక్తి. సుప్రీంకోర్టు ఆధ్వర్యంలో 2005లో ఏర్పడిన మీడియేషన్ కమిటీ వీరికి 40 గంటల శిక్షణ ఏర్పాటు చేసింది. దావా వేశాక కూడా సివిల్ ప్రొసీజర్ కోడ్ 89వ సెక్షన్ కింద కోర్టు కేసును వీరి దగ్గరకు పంపవచ్చు. అఫ్కాన్స్ కేసులో 2010లో ఇచ్చిన తీర్పులో సుప్రీంకోర్టు ఇలా పంపదగిన వివాదాల్లో కుటుంబ సభ్యుల మధ్య పంపకాలను కూడా చేర్చింది.

మనస్తత్వ శాస్త్రం దృష్టిలో ఈ దారికి ఉన్న బలం మూడు పనిముట్లలో ఉంది. మొదటిది విడివిడి సమావేశం. మధ్యవర్తి అన్నతో ఒంటరిగా కూర్చున్నప్పుడు, నలుగురిలో ఎన్నడూ ఒప్పుకోని మాట అన్న ఒప్పుకుంటాడు: ఇల్లు తనకు అక్కరలేదని, నీళ్లున్న రెండెకరాలు పోతే మాత్రం బతకలేనని. ఆ మాటను అనుమతి లేకుండా మధ్యవర్తి అవతలికి చేరవేయడు. రెండోది గోప్యత, అక్కడ అన్నదాన్ని తరువాత కోర్టులో సాక్ష్యంగా వాడుకోకూడదన్న నియమం వల్ల మనిషి కాస్త ధైర్యంగా ఆలోచిస్తాడు. మూడోది అడిగే ప్రశ్న. 'నీకు ఎంత కావాలి' అన్న ప్రశ్నకు అంకెలే జవాబుగా వస్తాయి, 'అది నీకు ఎందుకు కావాలి' అన్న ప్రశ్నకు కథ వస్తుంది. ఊహించుకున్న ఈ కుటుంబంలో తమ్ముడికి పొలం కన్నా తండ్రి కోసం పెట్టిన ఖర్చును అన్న ఒక్కసారైనా నలుగురిలో ఒప్పుకోవడం ముఖ్యం కావచ్చు, చెల్లెలికి ఎకరం ధర కన్నా తనను లెక్కలోనే వేసుకోకపోవడం నొప్పి కావచ్చు. జాన్ థిబో, లారెన్స్ వాకర్ 1970లలో మొదలుపెట్టి, ఆ తరువాత టామ్ టైలర్ వంటివారు కొనసాగించిన పరిశోధనల్లో తేలినదేమంటే, తమ మాట పూర్తిగా విన్నారని, తమను గౌరవంగా చూశారని నమ్మినవారు ఫలితం తమకు కొంత ప్రతికూలంగా వచ్చినా దాన్ని న్యాయంగానే స్వీకరిస్తారు. పెద్దకోడలిని పిలిచి పావుగంట మాట్లాడనిస్తే చాలా పంపకాలు ముందుకు కదులుతాయని నాకు నమ్మకం, ఆమెకు చట్టప్రకారం వాటా లేకపోయినా సరే.

కాలపరిమితి విషయానికొస్తే 2023 చట్టం 120 రోజులు ఇచ్చింది, ఇరుపక్షాలూ ఒప్పుకుంటే మరో 60 రోజులు పొడిగించుకోవచ్చు. ఆన్‌లైన్ మధ్యవర్తిత్వానికి కూడా అందులో చోటు ఉంది కనుక, డాలస్‌లోనో మెల్‌బోర్న్‌లోనో ఉన్న కొడుకు తన బదులు మామగారికి పవరాఫ్ అటార్నీ ఇచ్చి పంపే అవసరం తగ్గింది. ఇది చిన్న విషయం కాదు: ప్రతినిధిగా వచ్చినవాడికి తగ్గే అధికారమూ ఉండదు, పాత జ్ఞాపకమూ ఉండదు, అల్లుడి తరఫున గట్టిగా నిలబడ్డానని చూపించుకోవలసిన అవసరం మాత్రం ఉంటుంది. ఈ చట్టం దశలవారీగా అమల్లోకి వస్తున్నందువల్ల, కుదిరిన ఒప్పందానికి డిక్రీ బలం ఏ దారిలో వస్తుందో సంతకాలకు ముందే న్యాయవాదిని అడగాలి.

మధ్యవర్తిత్వం పనికిరాని చోట్లు ఉన్నాయి. ఇంట్లో కొట్టడం, బెదిరించడం ఉన్నప్పుడు, ఒకరు కాగితాలు దాచిపెట్టి ఆస్తిని గుట్టుగా అమ్ముతున్నప్పుడు, ఒక పక్షానికి కాలయాపన లాభసాటిగా ఉన్నప్పుడు సమానంగా కూర్చోబెట్టి మాట్లాడించడం బలహీనులకు అన్యాయం చేస్తుంది.

లోక్ అదాలత్, ఆర్బిట్రేషన్

1987 నాటి న్యాయసేవాధికార సంస్థల చట్టం కింద నడిచే లోక్ అదాలత్‌కు కోర్టు ఫీజు లేదు, పెండింగు కేసు అక్కడ రాజీ పడితే కట్టిన ఫీజు తిరిగి వస్తుంది, అక్కడ నమోదైన రాజీకి, అంటే అవార్డుకు, సివిల్ కోర్టు డిక్రీ హోదా ఉంది, దాని మీద అప్పీలు లేదు. దావా వేయకముందే జిల్లా న్యాయసేవాధికార సంస్థకు గాని, మండల కమిటీకి గాని దరఖాస్తు చేసుకోవచ్చు. స్త్రీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఈ చట్టమే ఇస్తోంది. తల్లికీ చెల్లెలికీ ఈ సంగతి ఎవరూ చెప్పరు కనుక ఇక్కడ చెబుతున్నాను. బలహీనత సమయంలో ఉంది. జాతీయ లోక్ అదాలత్ రోజున బెంచీ ముందు వరుసగా ఎన్నో కేసులు వస్తాయి, మనసులోని కథ వినే తీరిక అక్కడ దొరకదు. నా దృష్టిలో లోక్ అదాలత్ ముడి విప్పే చోటు కన్నా, ముందే విప్పుకున్న ముడికి ముద్ర వేయించుకునే చోటుగా ఎక్కువ ఉపయోగపడుతుంది. మధ్యవర్తి దగ్గరో, ఇంట్లోనో కుదిరిన రాజీని అక్కడ అవార్డుగా మార్చుకోవడం తెలివైన పని.

ఆర్బిట్రేషన్ విషయం త్వరగా ముగించవచ్చు. అందరి రాతపూర్వక సమ్మతీ ఉంటేనే అది నడుస్తుంది, ఆర్బిట్రేటరు ఇచ్చేది తీర్పే. కుటుంబానికి వ్యాపార భాగస్వామ్యమో, రైసు మిల్లో, కంపెనీ వాటాలో ఉండి లెక్కలు నిపుణుడు చూడవలసినంత జటిలంగా ఉంటే ఆలోచించవచ్చు. అయిదెకరాలకూ పెంకుటింటికీ అది బరువు.

సివిల్ దావా

'కోర్టులో ఓడినవాడు అక్కడే ఏడిస్తే, గెలిచినవాడు ఇంటికొచ్చి ఏడ్చాడట' అన్న సామెత అందరికీ తెలిసిందే. సామెతను నమ్మి కోర్టును పూర్తిగా వదిలేయడమూ తప్పే. అన్న రహస్యంగా బేరం పెట్టాడని తెలిసిన రోజున పరుగెత్తవలసింది కోర్టుకే: తాత్కాలిక ఇంజంక్షను అమ్మకాన్ని ఆపుతుంది, దావా నడుస్తుండగా అమ్మినా కొన్నవాడు దావా ఫలితానికి కట్టుబడక తప్పదు, దాచిన దస్తావేజులను బయట పెట్టించే అధికారం కోర్టుకే ఉంది. ఉమ్మడి కుటుంబ ఆస్తి నుంచి తనను తప్పించారని తెలిసిన నాటి నుంచి పన్నెండేళ్ల గడువు నడుస్తుంది కనుక, 'చూద్దాంలే' అంటూ కూర్చోవడం కూడా ఒక నిర్ణయమే. 'నీకు హక్కే లేదు' అని ఏళ్ల తరబడి విన్న ఆడపిల్లకు ఒక న్యాయమూర్తి నోట 'ఉంది' అన్న మాట వినడం కొన్నిసార్లు మందుగా పనిచేస్తుంది, దాన్ని రాజీ మాటలతో చిన్నబుచ్చకూడదు.

ఖర్చు ఎక్కడంటే, ముందు ఎవరి వాటా ఎంతో తేల్చే ప్రిలిమినరీ డిక్రీ, తరువాత కోర్టు పంపిన కమిషనరూ సర్వేయరూ వచ్చి కొలిచాక ఫైనల్ డిక్రీ, మధ్యలో అప్పీళ్లు. పెంకుటింటిని నాలుగు ముక్కలు చేయడం కుదరకపోతే 1893 పార్టిషన్ చట్టం కింద దాన్ని అమ్మి సొమ్ము పంచమని కోర్టు చెప్పే అవకాశమూ ఉంది. అప్పుడు తల్లి మంచం సంగతి మళ్లీ మొదటికొస్తుంది. మనసుకు జరిగే నష్టం ఇంకా ముందే, వాద పత్రం రాసిన రోజునే మొదలవుతుంది. 'అన్న దురుద్దేశంతో తండ్రిని మభ్యపెట్టి' అని న్యాయవాది అలవాటుగా రాసే వాక్యం అన్న చేతికి వెళ్తుంది, అది చెరగదు. ఒకసారి రాసి సంతకం పెట్టిన నింద నిజమేనని క్రమంగా రాసినవారే నమ్మడం మొదలుపెడతారు.

గెలుపు మీద అతినమ్మకం సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. లిండా బాబ్‌కాక్, జార్జ్ లోవెన్‌స్టీన్, వారి సహచరులు అమెరికాలో విద్యార్థులకు ఒకే రోడ్డు ప్రమాద కేసు కాగితాలు ఇచ్చి, వాది ప్రతివాదులుగా బేరమాడించారు. తాము ఏ పక్షమో ముందే తెలిసి కాగితాలు చదివిన జంటల్లో 28 శాతం రాజీ పడలేకపోయాయి, చదివిన తరువాత పక్షం తెలిసిన జంటల్లో 6 శాతమే విఫలమయ్యాయి. కాగితాలు అవే; పక్షం తెలిసిన కళ్లు తమకు అనుకూలమైన వాక్యాలనే ఏరుకున్నాయి. ప్లీడరు ఆఫీసులో కూర్చుని 'మన కేసు బలమైనదే కదా' అని అడిగేవారందరిదీ ఇదే స్థితి. ఆ పరిశోధకులే దీనికి ఒక విరుగుడు కూడా కనిపెట్టారు: బేరానికి ముందు తమ వాదనలోని బలహీనతలను తామే రాసుకున్నవారి మధ్య రాజీ కుదరకపోవడం బాగా తగ్గింది.

ఎవరు ఏది ఎంచుకోవాలి

ముందు భయం సంగతి చూడాలి. దౌర్జన్యమో దొంగచాటు అమ్మకమో ఉంటే మొదటి మెట్టు కోర్టే, మిగతావన్నీ దాని తరువాత. దావా వేసి ఇంజంక్షను తెచ్చుకున్నాక అదే కోర్టు ద్వారా మధ్యవర్తి దగ్గరకు వెళ్లడానికి ఏ అడ్డూ లేదు, నిజానికి అప్పుడే ఇద్దరూ సమానంగా కూర్చుంటారు. వృద్ధులైన తల్లిదండ్రుల పోషణే అసలు సమస్య అయితే 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం కింద ట్రిబ్యునల్ ఉంది. చూసుకుంటారన్న షరతుతో పిల్లలకు రాసిచ్చిన ఆస్తిని, వారు మాట తప్పితే వెనక్కి తెచ్చుకునే వీలు ఆ చట్టంలో ఉంది కనుక, దాన్ని పంపకం దావాతో కలపకూడదు.

భయం లేదు, సమాచారమే లేదు అనుకుంటే ఎవరి దగ్గరకూ వెళ్లకముందే అడంగలు, పాసు పుస్తకం, ఈసీ (ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీల ధ్రువపత్రం), బ్యాంకు అప్పుల వివరాలు తీయించి నాలుగు నకళ్లు నలుగురికీ ఇవ్వాలి. సగం అనుమానాలు అక్కడే చల్లారతాయి. ముడి లెక్కది, కాగితాలు తెరిచి ఉన్నాయి, పలకరింపులు ఇంకా తెగలేదు అంటే ఇంట్లోనే కూర్చోవచ్చు. పలకరింపులు తెగినా ఇరువైపులా గౌరవించే పెద్ద ఒకరు నిజంగా ఉంటే, చెల్లెలి వాటాను ఆయన మనస్ఫూర్తిగా ఒప్పుకునేవాడైతే, పెద్దమనుషుల దారి బాగుంటుంది. ఈ రెండో షరతు దగ్గరే చాలామంది పెద్దలు తప్పిపోతారు. ఆ పరీక్ష నెగ్గే మనిషి దొరకనప్పుడు, ముడి పరువుదీ గుర్తింపుదీ అయినప్పుడు, శిక్షణ పొందిన మధ్యవర్తినే నేను సూచిస్తాను. మన ఊహాకుటుంబానికి నా సలహా కూడా అదే, కుదిరిన రాజీకి లోక్ అదాలత్ అవార్డు జోడించుకోమని.

ఏ దారి పట్టినా, మొదటి సమావేశానికి వారం ముందు ప్రతి ఒక్కరూ ఒంటరిగా కూర్చుని ఒక కాగితం రాయాలి. ఒకవైపు తన వాదనలో అవతలివారు తప్పుపట్టగల మూడు చోట్లు, మరోవైపు అవతలివారు ఈ కుటుంబానికి చేసిన మూడు పనులు. దీన్ని ఎవరికీ చూపనక్కరలేదు. మొదటి అంకె ఎవరు చెబుతారన్నది కూడా ముందే అనుకోవాలి, ఎందుకంటే మొదట వినిపించిన అంకె చుట్టూనే తరువాతి బేరమంతా తిరుగుతుంది. ఎకరం ధర ముగ్గురిలో ఎవరూ చెప్పకుండా, ఇటీవలి రిజిస్ట్రేషన్లను బట్టి బయటివారి చేత కట్టిస్తే ఆ చిక్కు ఉండదు.

ఒప్పందం రాసేటప్పుడు పొలం హద్దులూ సర్వే నంబర్లూ రాయడం అందరికీ తెలుసు. పంపకం దస్తావేజును రిజిస్టరు చేయించడం మరవకూడదు. ముందే నోటి మాటతో జరిగిన పంపకాన్ని జ్ఞాపకార్థం రాసుకున్న కాగితానికి రిజిస్ట్రేషను అక్కరలేదని 1976లో కాలే కేసులో సుప్రీంకోర్టు చెప్పింది గాని, ఆ తేడా మీదే మళ్లీ కొత్త తగాదాలు పుడుతుంటాయి. వీటితోపాటు డిక్రీలో సాధారణంగా చోటు దొరకని సంగతులు కూడా అదే రాజీలో రాసుకోవచ్చు. తల్లి పెంకుటింట్లో తన గదిలోనే ఉంటుందని, ఆమె వాటా పంటను కౌలుగా ఏ నెలలో ఎవరు ముట్టజెప్పాలో, తండ్రి తద్దినం ఏ ఏడు ఎవరింట్లో పెట్టాలో, ఆసుపత్రి ఖర్చు తమ్ముడు భరించాడనీ సేవ పెద్దకోడలు చేసిందనీ రెండు వాక్యాలు, సంక్రాంతికి చెల్లెలు ఎవరి గడపలోకి వస్తుందో ఒక వాక్యం.